పాత సిస్టమ్ పాపం ఏం చేసింది?

కోనసీమలో చాలా ఇళ్ళల్లో హాల్లో ఓ మూల ఒక డెస్క్‌టాప్ ఉంటుంది. ఏ 2013లోనో 2015లోనో అన్నయ్యో అక్కో బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. మానిటర్ మీద పాత తువ్వాలు కప్పి ఉంటుంది. ఆన్ చేస్తే స్క్రీన్ పూర్తిగా వచ్చేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. "అది ముసలిదైపోయిందండీ, పాత సామాన్ల వాడికి వేసేయాలి" అంటారు ఇంట్లో. మనమూ ఊఁ కొడతాం. పనిలో పనిగా కొత్త ల్యాప్‌టాప్ మాట కూడా కదుపుతాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ సిస్టమ్‌లో ముసలిదైంది సాధారణంగా ఒక్క భాగమే, హార్డ్‌డిస్క్. దాన్ని మార్చి చూడకుండా మొత్తం సిస్టమ్‌ని పారేయమనడం ఇంజనీరింగ్ చదివేవాళ్ళు అనాల్సిన మాట కాదు.

ముందు లెక్క చూద్దాం. మామూలు డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. మనకి కావలసిన డేటా హెడ్ కిందకి రావడానికి సగటున సగం చుట్టు, 4 మిల్లీసెకన్ల పైన. ఆ ట్రాక్ దగ్గరకి హెడ్ జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం కలిపి ఒక్కో చిన్న ఫైలుకీ 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకి మహా అయితే 80 సార్లు డేటా వెతికి తేగలదు. విండోస్ బూట్ అయ్యేటప్పుడు చదివేది వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏమీ లేదు. అదే పని సుమారు 0.1 మిల్లీసెకన్‌లో అయిపోతుంది. తేడా దాదాపు వంద రెట్లు.

కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో ఆమ్‌డాల్ సూత్రం చదువుకున్నాం కదా. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పినదాని సారాంశం ఇది: ఏ భాగం ఎక్కువ సమయం తింటోందో దాన్ని బాగుచేస్తేనే మొత్తం పని వేగం పెరుగుతుంది. మన ఇంటి సిస్టమ్‌కి దీన్ని వేసి చూడండి. బూట్ అవ్వడానికి 120 సెకన్లు పడుతోందనుకుందాం. అందులో 100 సెకన్లు డిస్క్ కోసం ఎదురుచూపు, 20 సెకన్లు ప్రాసెసర్ పని. రెట్టింపు వేగమున్న ప్రాసెసర్ పెడితే 120 కాస్తా 110 అవుతుంది. డిస్క్ పని పది రెట్లు వేగంగా అయితే 120 కాస్తా 30 అవుతుంది. సెమ్ ఎగ్జామ్‌లో ఈ ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకుని, ఇంటికెళ్ళి "నాన్నా, ప్రాసెసర్ పాతదైపోయింది" అంటే ఎలా?

నమ్మకం లేకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సిస్టమ్ ముక్కుతున్నప్పుడు డిస్క్ 100 శాతం దగ్గర ఉండి, సీపీయూ 15, 20 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంటే జబ్బు తెలిసిపోయినట్టే. మెమరీ కూడా 90 దాటి ఉంటే రెండో జబ్బు ఉంది. ర్యామ్ నిండిపోయి, విండోస్ పేజీలని డిస్క్ మీదకి తోస్తూ మళ్ళీ లాక్కుంటూ ఉంటుంది. ఓఎస్ పేపర్‌లో థ్రాషింగ్ అని రాస్తాం చూడండి, మన ఇంటి హాల్లో రోజూ జరిగేది అదే.

నిజానికి ఇది ఈనాటి రోగం కాదు. పాస్కల్ భాష తయారుచేసిన నిక్లాస్ వర్త్ 1995లోనే ఒక వ్యాసం రాశాడు. హార్డ్‌వేర్ ఎంత వేగంగా మెరుగుపడుతోందో, అంతకన్నా వేగంగా సాఫ్ట్‌వేర్ బరువెక్కిపోతోందని అందులో ఆయన బాధ. ముప్పై ఏళ్ళ తర్వాత ఇప్పుడు ఒక బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ ర్యామ్ చాలడం లేదు. మెషిన్ నెమ్మదించలేదు, మనం దాని నెత్తిన వేసే బరువు పెరిగింది.

ఇక ఖర్చు సంగతి. మన బడ్జెట్ మూడు, నాలుగు వేలు అనుకుందాం. రూపాయి తీయకముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు బ్యాకప్. అక్క పెళ్ళి ఫోటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు ఆ డిస్క్‌లోనే ఉంటాయి. 2022 జులై వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి, మన లంక గ్రామాల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నేల మీద పెట్టిన సీపీయూలోకి నీళ్ళొస్తే ఏ బ్యాకప్పూ లేని ఇంటి జ్ఞాపకాలన్నీ గోదాట్లో కలిసినట్టే. అంచేత ముందు ఫోటోలన్నీ వేరే చోటికి కాపీ చేయండి, తర్వాతే మూత విప్పండి. సీపీయూని కూడా నేల మీద నుంచి లేపి బల్ల మీద పెట్టండి.

రెండోది శుభ్రం. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే ఉప్పుగాలి కూడా. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు దుమ్ము సరేసరి. ఫ్యాన్ రెక్కలకి దుమ్ము పట్టి ప్రాసెసర్ వేడెక్కితే, అది తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్లగ్ తీసేసి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ పెట్టండి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి పోతోందంటే, మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పయితే బ్రౌజర్ వెబ్‌సైట్లని నమ్మదు. "నెట్ రావట్లేదు" అని మనం అనుకునే రోగాల్లో ఇదొకటి.

మూడోది, స్టార్టప్‌లో తమంతట తాము లేచి కూర్చునే ప్రోగ్రాములని ఆపేయడం. రెండేసి యాంటీవైరస్‌లు ఉంటే తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. ఒక్క క్లిక్‌తో స్పీడ్ పెంచేస్తామనే క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్ల జోలికి పోకండి. అవే సిస్టమ్‌కి ఇంకో బరువు.

ఇప్పుడు డబ్బు తీద్దాం. మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ. 240 లేదా 256 జీబీ సాటా రకం చాలు. పాత మదర్‌బోర్డు సాటా రెండో తరానిదైనా ఫర్వాలేదు. అది సెకనుకి 300 ఎంబీ దాకా పంపగలదు. మనకి కలిసొచ్చేది ఆ గరిష్ఠ వేగం కాదు, ఇందాక చెప్పిన ఎదురుచూపు తగ్గడం. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి ప్రత్యేకంగా స్టాండు లేకపోయినా బిగించేయొచ్చు. సాటా కేబుల్, పవర్ పిన్ ఖాళీగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఓఎస్ కొత్తగా ఎస్‌ఎస్‌డీ మీద వేయండి. పాత హార్డ్‌డిస్క్ ఆరోగ్యంగా ఉంటే సినిమాలకీ ఫోటోలకీ లోపలే ఉంచేయండి.

రెండో ఖర్చు ర్యామ్. 4 జీబీ ఉంటే 8 చేయండి. 2013, 2014 నాటి బోర్డులు డీడీఆర్3, తర్వాత వచ్చినవి ఎక్కువగా డీడీఆర్4. ఒకటి ఇంకోదాని స్లాట్‌లో పట్టదు. కాబట్టి ఉన్న ముక్క మీద స్టిక్కర్ ఫోటో తీసుకునే షాపుకి వెళ్ళండి. అమలాపురంలో దొరక్కపోతే రాజమండ్రో కాకినాడో. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ప్రపంచమంతా పెరిగాయి, అందుకని రెండు మూడు చోట్ల అడిగి చూసుకోండి. డీడీఆర్3 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా తప్పులేదు, పెట్టి చూపించమని మాత్రం అడగండి. ఈ ధరల పెరుగుదల కొత్త ల్యాప్‌టాప్‌ల మీదా పడుతుందన్నది మర్చిపోకండి.

ఓఎస్ దగ్గర ఒక చిక్కు ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అంటే బాగానే నడిచే లక్షల సిస్టమ్‌లని ఒక్క కాగితం మీద ముసలివాటిని చేసేశారు. ఇక్కడ షాపులో క్రాక్ విండోస్ వేయించేస్తే సరిపోతుందనుకుంటాం. కానీ ఆ సిస్టమ్‌లోనే నాన్నగారు బ్యాంక్ పాస్‌వర్డ్ కొడతారు. ఎవరు తయారుచేశారో తెలియని క్రాక్‌ని నమ్మి ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే.

నా ఓటు లినక్స్‌కే. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూసుకోవచ్చు. జీసీసీ, పైథాన్, లిబ్రే ఆఫీస్ అన్నీ ఉచితం. "తెలుగో?" అంటారేమో. పోతన, వేమన పేర్లతోనే ఉచిత యూనికోడ్ ఫాంట్లు లినక్స్‌లో దొరుకుతాయి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ బృందం లినక్స్‌ని తెలుగులోకి తెచ్చినప్పుడు ఆ పనిలో మనలాంటి ఇంజనీరింగ్ విద్యార్థులే చెయ్యేశారు. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ళ తరబడి కైట్ సంస్థ ఇచ్చే లినక్స్ మీదే ఐటీ పాఠాలు నేర్చుకుంటున్నారు. పదో తరగతి పిల్లలకి అబ్బినది మనకి అబ్బదా?

అయితే ఒక మినహాయింపు. ఇంట్లో ఎవరైనా అను ఫాంట్లతో డీటీపీ చేస్తుంటేనో, ట్యాలీలో లెక్కలు రాస్తుంటేనో వాళ్ళ విండోస్‌ని కదపకండి. వాళ్ళ కూడు అందులో ఉంది. ఎస్‌ఎస్‌డీ మాత్రం మార్చి పెట్టండి.

"ఇదంతా బానే ఉంది గానీ, మా పని దాంతో అవుతుందా?" అనేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌తో సహా నడవాలంటే 16 జీబీ ర్యామ్ కావాలని గూగులే చెబుతోంది. వీడియో ఎడిటింగ్, పెద్ద గేమ్‌లు, క్యాడ్ లాంటివాటికి పాత సిస్టమ్ సరిపోదు. రోజూ కాలేజీకి మోసుకెళ్ళాలంటే డెస్క్‌టాప్ ఎలాగూ కుదరదు. డీడీఆర్2 కాలం నాటి బోర్డు, మెమరీ బోర్డుకే అతికించేసిన చవక ల్యాప్‌టాప్, తరచూ ఆగిపోయే మదర్‌బోర్డు, వీటి మీద డబ్బు పెట్టొద్దని నేనూ అంటాను. కానీ డేటా స్ట్రక్చర్స్ ప్రాక్టీస్, డీబీఎంఎస్ ల్యాబ్, వెబ్ ప్రాజెక్ట్, రికార్డు రాయడం, వీడియో పాఠాలు, వీటికి మార్చిన పాత సిస్టమ్ చాలు. మెషిన్ లెర్నింగ్‌లో కూడా మొదటి పాఠాలన్నీ బ్రౌజర్‌లో కోలాబ్ తెరిచి చేసుకోవచ్చు.

అసలు నేనింత పట్టుబట్టడానికి కారణం వేగం కాదు. మనం "కొత్తది కావాలి" అన్నప్పుడు ఇంట్లో ఆ యాభై వేలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఒక్కసారి చూడండి. కొబ్బరికాయ రేటు పడిపోయిన ఏడు కూడా నాన్న కాదనడు, దింపుకి ముందే వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటాడు. రాజోలు, అమలాపురం చుట్టూ ఎన్నో ఇళ్ళలో ఆ డబ్బు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తున్న అమ్మ పంపాలి. అడగొద్దని నేను అనను. ఎలాగూ ఫైనలియర్‌కి ల్యాప్‌టాప్ కావాల్సిరావచ్చు. ఈలోపు మూడు వేలతో రెండేళ్ళు గడిచే దారి ఉందని తెలిసినవాళ్ళం ఇంట్లో మనమే. తెలిసీ చెప్పకపోవడం మాత్రం బాగోదు.

ఇంకోటి. మనం కాలేజీకి వచ్చేశాక ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటారు. వాళ్ళ చేతిలో ఫోనే ఉంటుంది. ఫోన్‌లో చూడటం అలవాటవుతుంది గానీ చేయడం అలవాటవదు. మొదటి ప్రోగ్రామ్ రాయాలన్నా, ఒక తెలుగు కథ టైప్ చేయాలన్నా కీబోర్డ్ ముందు కూర్చోవాల్సిందే. మనం వదిలేసిన సిస్టమ్ వాళ్ళకి మొదటి సిస్టమ్ అవుతుంది.

సంక్రాంతికి అందరం ఇళ్ళకి వెళ్తాం. భోగి మంటలో వేయడానికి పాత సామాను వెతుకుతాం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తాం. మధ్యలో ఓ పూట మిగులుతుంది. ఒక స్క్రూడ్రైవర్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక పెన్‌డ్రైవ్ ఉంటే ఆ పూట చాలు. మీ ఇంటిది అయిపోతే పక్కింటి పిన్నిగారి సిస్టమ్ కూడా చూసి రండి. టీ ఇస్తారు. ఈసారి అది తాగేలోపే సిస్టమ్ ఆన్ అయిపోతుంది.