వాయించిన చేతికి పేరుండాలి

పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెలు మోగని ఊరు ఇప్పుడు అరుదు. గుండె అదిరేలా మోగే ఆ దరువు వెనుక చాలాసార్లు డప్పూ ఉండదు, డోలూ ఉండదు, ఉన్నది యంత్రమే. పెట్టెల అద్దె ఎంతో అందరికీ తెలుసు. ఆ దరువుకు బాట వేసినదెవరో తెలిసినవారు మాత్రం తక్కువ.

అటువంటి వారిలో చరణ్‌జిత్ సింగ్ ఒకరు. బొంబాయిలో హిందీ సినిమా పాటలకు గిటారు, కీబోర్డు వాయించిన వాద్యకారుడు ఆయన. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే తాళయంత్రాన్ని, 1981లో టీబీ-303 అనే చిన్న యంత్రాన్ని విడుదల చేసింది. బేస్ గిటారు వాయించే మనిషి లేని లోటు తీర్చడానికి తయారైనది ఈ రెండోది. దాని నాదం గిటారులా లేదని చాలామంది పెదవి విరిచారు. 1984లో తయారీయే ఆగిపోయింది.

ఈ రెండింటికీ జూపిటర్-8 అనే కీబోర్డును జతచేసి, చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి గ్రామఫోన్ రికార్డు తెచ్చారు. అందులోని భూపాలి, మాల్‌కౌంస్ తెలుగువారికి మోహన, హిందోళంగా పరిచయమున్నవే. అయినా ఆ రికార్డును కొన్నవారు కొద్దిమందే.

1987లో అమెరికాలోని షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే 303 మరలు తిప్పి 'ఆసిడ్ ట్రాక్స్' వెలువరించింది. కొత్త సంగీతం పుట్టిందని లోకం దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ యువకులు బొంబాయి రికార్డు విన్నారనడానికి ఆధారం లేదు. కనుక అనుకరణ అనడం న్యాయం కాదు. ముందు నడిచిన మనిషిని మరవడమూ న్యాయం కాదు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలైన తర్వాతే ఆయన పేరు విదేశాల్లో వినిపించింది. 2015లో ఆయన కన్నుమూశారు.

యంత్రం వచ్చి వాద్యకారుల కూడు తీసిందన్న ఆవేదనలో నిజం లేకపోలేదు. అయితే ఏ యంత్రమూ తనంత తాను రాగం పలకదు. దాని వెనుక ఒక చెవి, ఒక చేయి ఉంటాయి. పాట మీద నటుడి పేరు, గాయకుడి పేరు వేసి ఆ చేతిని వదిలేయడం విచారకరం.

పౌరాణిక నాటకాల కరపత్రాల్లో హార్మోనిస్టు పేరు వేసే మంచి ఆచారం తెలుగు పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. సినిమా కంపెనీలు దాన్ని చూసి నేర్చుకోవాలి. ఊళ్లోని ఉత్సవ కమిటీలూ కీబోర్డు, ప్యాడ్ వాయించే కుర్రవాళ్లను వేదిక మీద పేరుపెట్టి పిలవాలి. అందుకు అయ్యే ఖర్చేమీ లేదు.