గుట్ట మీద మట్టి రోడ్డు ఎవరికోసం?

ఆదివారం వచ్చిందంటే మన హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఖాజాగూడ గుట్టల ఫొటోలే. వెనకాల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల టవర్లు, ముందు కొత్త షూ. పుప్పాలగూడ పక్కనే ఎక్కడానికి ఒక గుట్ట మిగిలి ఉండటం మన అదృష్టం, ఎక్కండి. కానీ ఆ ఫొటోల కింద ఎవరో ఒకరు తప్పకుండా పెట్టే కామెంట్ ఒకటుంది: "దారి కాస్త బాగు చేస్తే సూపర్ ఉంటుంది." నా గొడవంతా దానితోనే.

గుట్టల మీద దారులు రెండు రకాలు. ఒకటి కాలిబాట. కాళ్లు పడి పడి రాయి నున్నబడి ఉంటుంది, సీతాఫలం పొదల్ని తప్పించుకుంటూ వంకరగా పోతుంది, ఒకరి వెనక ఒకరు నడవాలి. రెండోది వెడల్పాటి మట్టి రోడ్డు. నడవడానికి హాయి, పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. అయితే మనిషి నడవడానికి రెండడుగుల దారి చాలు. పది పన్నెండు అడుగులు ఎవరికి కావాలి? టిప్పర్‌కి. అలాంటి రోడ్డు కనబడితే అంచులు చూడండి. పగిలిన టైల్సు, సిమెంటు పెచ్చులు, పీఓపీ ముక్కలు ఉన్నాయంటే అది ట్రెక్కింగ్ కోసం వేసింది కాదు.

ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. రాయి మీద రాయి ఎవరో పేర్చినట్టు ఉంటుంది గానీ ఎవరూ పేర్చలేదు. నేల లోపల ఉన్నప్పుడే పగుళ్లలోకి నీళ్లు దిగి, రాయి అంచులు మెల్లగా మెత్తబడి పొడి అయ్యాయి, మధ్యలో గట్టి గుండు మిగిలింది. పైపొడి వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. ఆ పొడినే మనం మొరం అంటాం. అంటే మన షూకి అంటుకునే ఆ గరుకు మట్టి కూడా గుట్టే! దాన్ని జేసీబీతో గీకితే గుండు కింద ఆసరా పోతుంది, వానకి మిగిలింది కోసుకుపోతుంది. (సివిల్ వాళ్లూ, స్లోప్ స్టెబిలిటీ యూనిట్ పరీక్షకే కాదు.)

ఇక్కడికి మనకంటే ముందు వచ్చినవాళ్లు చాలామంది. ఫక్రుద్దీన్ గుట్ట అనే పేరు సూఫీ బాబా ఫక్రుద్దీన్‌ది. 1951లో మెహెర్ బాబా ఇక్కడి గుహలో ఏకాంతంగా ఉన్నారు. వాళ్లెవరికీ సీసీ రోడ్డు అవసరం పడలేదు.

లైట్లుంటే అమ్మాయిలకు సేఫ్ కదా అని నా రూమ్మేట్ వాదన. న్యాయమైన మాటే. గుట్ట మొదట్లో, బండ్లు ఆపే చోట పెట్టమందాం. పైదాకా స్తంభాలు పాతాలంటే మళ్లీ లారీ ఎక్కాలి, లారీ ఎక్కాలంటే మళ్లీ రోడ్డు.

రాళ్ల కోసం పోట్లాడటం ఈ ఊరికి కొత్త కాదు. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచీ ఆ పనిలోనే ఉంది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు హెరిటేజ్ జాబితాకెక్కాయి కూడా. ఇప్పుడు ఆ చెరువు గట్టున నిలబడి చూస్తే రాళ్లెన్ని, టవర్లెన్ని? జాబితా ఒక్కటే చాలదు, కళ్లు కూడా కావాలి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం ఆపమంది. అంతకు ముందు అక్కడి జేసీబీలను ఫోన్లలో రికార్డు చేసినవాళ్లలో మనలాంటి స్టూడెంట్లే ఎక్కువ.

కాబట్టి సన్‌రైజ్‌తో పాటు రోడ్డు ఫొటో కూడా తీయండి, లొకేషన్ ఆన్ చేసి. ఒకే గుండు పక్కన నిలబడి జూన్‌లో ఒకటి, దసరా తర్వాత ఒకటి తీస్తే రోడ్డు ఎంత వెడల్పయిందో అడుగుల్లో చెప్పొచ్చు. సర్వేయింగ్ ల్యాబ్‌లో టేపు ఎలాగూ ఖాళీగానే ఉంటోంది.