సుగ్గికి బయలుదేరేలోపే బిడ్డలకు విటమిన్ ఏ

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం, మంత్రాలయం మండలాల తల్లిదండ్రులకు, ఆశా అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు, సర్పంచులకు విన్నపం.

వానలు సరిగా పడని ఏడు, పండినా అప్పు తీరని ఏడు మన పల్లెలు సుగ్గికి కదులుతాయి. గుంటూరు, పల్నాడు మిరప కోతలకు, పక్క రాష్ట్రాల పత్తి చేలకు మూటాముల్లె కట్టుకుని పోతాం. చంటిబిడ్డలూ మనతోనే వస్తారు. చాలామంది ఊరు చేరేది మళ్లీ ఉగాది దగ్గర పడ్డాకే. ఈ నెలల్లో అంగన్‌వాడీ గుడ్డు పోతుంది, పాలు పోతాయి. ఆరు నెలలకోసారి పోయాల్సిన విటమిన్ ఏ మందూ తప్పిపోతుంది. కూలి కోసం పోయినందుకు మన బిడ్డల చూపు మూల్యం కాకూడదు.

పొద్దుగూకగానే బిడ్డ గడప తట్టుకుని పడుతుంటే, ముందున్న కంచం కోసం చేత్తో తడుముతుంటే అల్లరి అనుకోకండి. అది రేచీకటి కావచ్చు. కంటి వెనక పలుచటి పొర ఉంటుంది, దాన్ని రెటీనా అంటారు. మసక వెలుతురులో చూడటానికి అందులో రాడ్ కణాలనేవి ఒక్కో కంట్లో 12 కోట్ల దాకా ఉంటాయి. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం విటమిన్ ఏ లేనిదే తయారు కాదు. వెలుతురు తగిలిన ప్రతిసారీ అది విడిపోతుంది, మళ్లీ కూడుకోవాలి. ఈ తిరుగుడును విప్పిచెప్పిన జార్జి వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయం ఈ విటమిన్‌కు గాదె లాంటిది. అది నిండుకుంటే ముందు పోయేది రాత్రి చూపే. అప్పటికీ పట్టించుకోకపోతే కంటి తెల్లగుడ్డు ఎండిపోయి నురుగులాంటి మచ్చ కడుతుంది. ఆ తర్వాత నల్లగుడ్డు కొద్ది రోజుల్లోనే మెత్తబడి కరిగిపోవచ్చు. అలా పోయిన చూపు మందులతో తిరిగిరాదు. తట్టు పోసినా, విరేచనాలు పట్టుకున్నా ఉన్న నిల్వ తొందరగా తరిగిపోతుంది. గుడిసెల్లో ఉండేటప్పుడు మన పిల్లలకు ఎక్కువగా వచ్చే జబ్బులు ఇవే కదా!

దీనికి మందు కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల మీద నిలబడి 1970లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షలు, మొత్తం తొమ్మిది మోతాదులు పోస్తారు. పైసా ఖర్చు లేదు. అయినా 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో దాదాపు 18 శాతం మందికి విటమిన్ ఏ తక్కువని తేలింది.

మేం అడిగేది ఇది. మన మండలాల్లో ఒక విడత మందు సుగ్గి మొదలయ్యేలోపు, అక్టోబరులోనే పోయాలి. రెండో విడత ఉగాదికి తిరిగొచ్చాక, ఏప్రిల్‌లో పోయాలి. రెంటి మధ్యా సరిగ్గా ఆరు నెలల ఎడం ఉంటుంది. పనిచోట ఉండగా ఏ బిడ్డ వంతైనా వస్తే, తల్లీబిడ్డల కార్డు చూసి అక్కడి ఏఎన్ఎం పోయాలి. మీది ఏ ఊరని తిప్పి పంపకూడదు. మిరప తోటల గుడిసెల దాకా రావడం గుంటూరు, పల్నాడు ఆరోగ్య సిబ్బంది బాధ్యత కావాలి. పెద్దపిల్లలు ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లలో ఉంటే వాళ్ల కంచంలో రోజూ గుడ్డు, ఆకుకూర పడాలి.

అక్కలారా, కార్డులో రాసి ఉన్న మోతాదును మళ్లీ పోయకండి. ఎక్కువైతే ఈ విటమిన్ విషమే. గర్భిణులకు ఈ పెద్ద మోతాదు అసలే కూడదు. మందు పోసినా రేచీకటి తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాలి. మేనరికపు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే రెటీనా జబ్బు ఒకటుంది, అది ఆకుకూరలతో నయమయ్యేది కాదు.

ఇక తిండి. చౌకబియ్యంలో విటమిన్ ఏ లేదు. పోషకాలు కలిపి ఇచ్చే బియ్యంలోనూ ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 మాత్రమే ఉంటాయి. తెల్లజొన్న రొట్టెలోనూ లేనట్టే. ఊళ్లో ఉంటే మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి ఏదో ఒకటి దొరుకుతుంది. పురుగుమందు కొట్టిన మిరప చేలో కూరాకు కోసుకోలేం. అందుకే బయలుదేరేముందు మునగాకును నీడలో ఆరబెట్టి దంచి, బుడ్డల పొడిలో కలిపి డబ్బాకెత్తుకోండి. ఎండలో ఆరబెడితే సారం చాలావరకు పోతుంది. ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే నూనె కావాలి, బుడ్డల్లో అది ఉండనే ఉంది. బిడ్డ తినే రొట్టెలోకో, అన్నంలోకో రోజూ ఆ పొడి వేసి కలపండి. వారానికోసారి కార్జం కొనగలిగితే బిడ్డకు రెండు ముక్కలు ముందు పెట్టండి. దొడ్లో మునగ లేని ఇల్లు ఒక కొమ్మ నాటుకుంటే చాలు, వచ్చే సుగ్గికి ఆకు వస్తుంది.

అక్టోబరు 2 గ్రామసభకు ఐదేళ్లలోపు బిడ్డలున్న ప్రతి ఇంటివాళ్లూ తల్లీబిడ్డల కార్డు తీసుకుని రండి. మందు పోయాల్సిన పిల్లల పేర్లు, సుగ్గికి పోయే ఊరి పేరు, బయలుదేరే వారం సభలోనే రాయించండి. ఆ జాబితాను తీర్మానంతో సహా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు అందించి, అందినట్టు సంతకం తీసుకోమని సర్పంచును అడగండి.