గరుడ సేవ రోజు మీ లాడ్జి వెబ్‌సైట్ తెరుచుకుంటుందా?

తిరుపతిలో లాడ్జి పెట్టినవాళ్లందరికీ ఇప్పుడు సొంత వెబ్‌సైట్ కావాలి. చేసిపెట్టేది చాలావరకు మనలాంటి కుర్రాళ్లే. సైట్ స్లోగా ఉందంటే వెంటనే హోస్టింగ్‌ని తిట్టి, ఇంకా ఖరీదైన ప్లాన్ కొనిపిస్తాం. నన్నడిగితే ముందు తెరవాల్సింది ఫొటోల ఫోల్డర్.

లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫొటో అంటే 4000×3000 పిక్సెల్స్, సైజు సుమారు 4 ఎంబీ. అలాంటివి పది పెడితే హోమ్ పేజీ 40 ఎంబీ. 5 ఎంబీపీఎస్ స్పీడులో అది పూర్తిగా దిగడానికి 64 సెకన్లు. "ఇప్పుడు 5జీ కదన్నా" అంటారు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు, గరుడ సేవ నాడు వచ్చి చూడండి. ఒకే టవర్‌ని వేలమంది పంచుకుంటుంటే 5జీ గుర్తు కనిపిస్తుంది గానీ పేజీ కదలదు. పిల్లల్ని పట్టుకుని బస్సు దిగి రూమ్ వెతుక్కునేవాళ్లు నిమిషం ఆగరు. బ్యాక్ నొక్కి, కమీషన్ తీసుకునే ఏదో బుకింగ్ యాప్‌లోకి పోతారు. నష్టం లాడ్జి ఓనరుకే.

కంప్రెస్ కంటే ముందు రీసైజ్. చాలా ఫోన్లలో స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెల్సే. ఫొటోని ఆ వెడల్పుకి తగ్గిస్తే పిక్సెల్స్ దాదాపు పద్నాలుగో వంతుకి పడిపోతాయి. ఆ తర్వాత గూగుల్ వాళ్ల స్క్వూష్‌లో వేసి, వెబ్‌పీగా, క్వాలిటీ 75 దగ్గర సేవ్ చేయండి. ఫ్రీనే, బ్రౌజర్‌లోనే పనైపోతుంది. గది ఫొటో సాధారణంగా 100-150 కేబీలోకి వచ్చేస్తుంది. లేజీ లోడింగ్ కింద ఉన్న ఫొటోలకే పెట్టండి. పైన కనిపించే మొదటి ఫొటోకి పెడితే అదే లేటవుతుంది. ఇక రూమ్ రేట్ల బోర్డుని ఫొటో తీసి పెట్టడం... దయచేసి మానేయండప్పా. టైప్ చేస్తే ఒక కేబీ కూడా కాదు.

అయితే శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్మే సైట్‌కి కూడా అదే 75 కొట్టేస్తానంటే నేనొప్పుకోను. కలంతో గీసిన సన్నటి నల్లగీతల్లోనే ఆ చీర ధర ఉంది. జేపెగ్ అయితే బొమ్మని 8×8 గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని వివరాన్ని తీసేస్తుంది. మరీ గట్టిగా నొక్కితే గీతల చుట్టూ మసక చుక్కలు లేస్తాయి. వెలుగునీడల కంటే రంగుల వివరాన్ని ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది కాబట్టి ఎరుపు అంచు పక్కకి పాకినట్టుంటుంది. వెబ్‌పీతోనూ రంగుల దగ్గర ఇదే తంటా. అప్పుడు చేత్తో గీసిన చీరా, మెషీన్ ప్రింట్ చీరా ఒకేలా కనిపిస్తాయి. లిస్టులో చిన్న ఫొటో పెట్టి, నొక్కితే క్వాలిటీ 90లో పెద్దది తెరుచుకునేలా చేయండి. వేలు పోసి చీర కొనేవాళ్లు దానికోసం రెండు సెకన్లు ఆగుతారు.