గీత గీసిందెవరు?

సాహిత్యం రాసుకునే చోట సాఫ్ట్‌వేరు ప్రస్తావన ఏమిటని అడగబోయే మిత్రులకు ముందుగా ఒక సంగతి గుర్తుచేస్తాను. యూనికోడు రాకమునుపు తెలుగు అక్షరం ఒక్కో పత్రిక వద్ద ఒక్కో ఫాంటులో బందీగా ఉండేది. ఒకచోట చదివినది మరొకచోట అతికిస్తే పిచ్చిగీతలో డబ్బాలో మిగిలేవి. ప్రతి అక్షరానికీ అందరూ ఒప్పుకున్న, అందరికీ తెలిసిన ఒక సంఖ్య ఉండాలన్న సూత్రమే మనలను ఆ చెర నుంచి విడిపించింది. ఆ విడుదలను అనుభవించినవాళ్ళం గనుక, ఇప్పుడు బొమ్మల విషయంలో జరుగుతున్నదానిని మనం ఇతరుల కంటె త్వరగా గుర్తుపట్టగలమని నా నమ్మకం.

నెల్లూరు తీరాన ఒక పల్లెలో జరిగిన సభకు వెళ్ళాను. గోడకు రంగుల పటం తగిలించారు. సముద్రం నీలం, రొయ్యల గుంటలు ముదురు నీలం, ఊరు ఎరుపు, వీటి మధ్యగా ఒక నల్లని గీత. వలలు ఆరవేసుకునే దిబ్బ గీతకు అవతల ఎందుకు పడిందనీ, కళ్ళెదుట ఉన్న గుంటలు పటంలో ఎందుకు లేవనీ ఒక పెద్దాయన అడిగాడు. పటం తెచ్చిన యువకుడు మర్యాదగానే జవాబిచ్చాడు: “శాటిలైట్‌లో అట్టనే వచ్చింది పెద్దాయనా, మా చేతుల్లో ఏముంది?” పెద్దాయన కూర్చున్నాడు. సభ ముందుకు సాగింది.

ఆ జవాబు మీదనే నా తగువు. ఒకప్పుడు దేవుడి పేరు చెప్పి నోరు మూయించేవారు, తరువాత దొరగారి పేరు చెప్పారు, ఇప్పుడు ఉపగ్రహం పేరు చెబుతున్నారు.

ఉపగ్రహానికి గుంట తెలియదు, గట్టు తెలియదు. నేల మీది ఒక్కో గడి నుంచి తిరిగివచ్చిన కాంతిని ఒక్కో రంగుపట్టీలో కొలిచి అంకెగా పంపడమే అది చేసే పని. నీరు సమీప పరారుణ కాంతిని దాదాపుగా మింగివేస్తుంది, ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పి పంపుతుంది. అందువల్ల ఆకుపచ్చ అంకెలో నుంచి సమీప పరారుణపు అంకెను తీసివేసి, ఆ రెంటి మొత్తంతో భాగిస్తే, సాధారణంగా నీరున్నచోట ధనసంఖ్య, పైరూ పొడినేలా ఉన్నచోట రుణసంఖ్య వస్తాయి. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రకటించిన ఈ సూత్రంలో ఉన్నది కూడిక, తీసివేత, భాగహారం మాత్రమే.

చిక్కంతా ఆ తరువాతనే. ఎంతకు మించితే నీరనాలి? సున్నా అనవచ్చు, 0.1 అనవచ్చు. ఆ హద్దును కొంచెం పైకి జరిపితే లోతు తక్కువ గుంటలు పటం మీద నుంచి మాయమవుతాయి. కిందికి జరిపితే తడిసిన ఇసుక కూడా గుంటగా లేచి కూర్చుంటుంది. నాట్లప్పుడు వరికయ్య నీరే. ఇస్కపల్లి ఉప్పుకయ్య నీరే. బకింగ్‌హామ్ కాలువ నీరే, పులికాటు అంచు నీరే. పట్టుబడి అయిపోయి ఎండగట్టిన రొయ్యల గుంట మాత్రం ఆ రోజున నీరు కాదు. ఇక ఉపగ్రహం తన వేళకు తాను వచ్చిపోతుందే గాని, సముద్రం పోటు మీద ఉన్న ఘడియ కోసం ఆగదు. కనుక ఒక్క బొమ్మను చూసి పోటుగీత ఇదీ అని తేల్చడం సాధ్యం కాదు. ఏ నెల బొమ్మ తీసుకోవాలి, ఎన్ని బొమ్మలు కలపాలి, హద్దు ఎక్కడ పెట్టాలి అనేవి మనుషులు చేసిన నిర్ణయాలు. మనుషులు చేసిన నిర్ణయానికి మనుషులే జవాబుదారులు కావాలి.

ఇది పండితుల చర్చ మాత్రమే అయితే నేను ఇంత ఆవేశపడను. 1991లో తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను వచ్చినప్పటి నుంచి మన తీరంలో బతుకులన్నీ పోటుగీత నుంచి మీటర్ల లెక్కనే నడుస్తున్నాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మండలంలోని రొయ్యల గుంటలను తొలగించమంది, పులికాటు, చిలికా సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపు కూడా కూడదంది. సంప్రదాయ పద్ధతుల సాగును మాత్రం మినహాయించింది. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ సాగును రిజిస్ట్రేషను కిందికి తెచ్చింది, 2023లో దానిని సవరించింది. 2019 నోటిఫికేషను జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరాల్లో నిర్మాణాలు కూడని మేరను పోటుగీత నుంచి 50 మీటర్లకు కుదించింది, మిగిలిన గ్రామీణ తీరాల్లో 200 మీటర్లుగా ఉంచింది. గీత ఇరవై మీటర్లు జరిగిందంటే ఒకరి దిబ్బ పోవచ్చు, మరొకరి గుంటకు చట్టబద్ధత రావచ్చు.

అందుకే బొమ్మలను విశ్లేషించే ఓపెన్‌సోర్సు లైబ్రరీలు నా దృష్టిలో ఇంజనీర్ల సరదా వస్తువులు కావు. లైబ్రరీ అంటే ప్రోగ్రాములు రాసేవారికి పదేపదే అవసరమయ్యే లెక్కలను ఒకచోట కూర్చిన సంపుటి. ఓపెన్‌సోర్సు అంటే ఆ సంపుటిని ఎవరైనా తెరిచి, ప్రతి పంక్తినీ చదివి, తప్పుంటే దిద్దగలగడం. ఉపగ్రహ చిత్రాలను చదివించే జీడాల్‌ను ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టాడు. శరీరం లోపలి బొమ్మల విశ్లేషణకు ఐటీకే అనే లైబ్రరీని రాయించడానికి 1999లో పూనుకున్నది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం. పుస్తకాలు దాచే సంస్థ ప్రోగ్రామును కూడా జ్ఞానంగానే భావించి అందరి ముందూ పెట్టింది. ఈ రెంటినీ ఆధారం చేసుకుని ఫ్రాన్సు అంతరిక్ష సంస్థ 2006లో ఆర్ఫియో టూల్‌బాక్స్‌ను ప్రారంభించింది. తమ ప్లెయాడిస్ ఉపగ్రహం ఎగరడానికి ఐదేళ్ళ ముందే, దాని బొమ్మలను చదివే పరికరాన్ని సోర్సుకోడుతో సహా బయటపెట్టే పని మొదలుపెట్టారన్నమాట.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2012 సెప్టెంబరు 9న స్పాట్‌-6 అనే ఫ్రెంచి ఉపగ్రహం పీఎస్‌ఎల్వీ మీద మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లా లెక్కలో ఉన్నా, ఆ రాకెట్ల కేంద్రానికి దీవిని ఇచ్చింది నెల్లూరు తీరమే. అక్కడి అడవిని నమ్ముకున్న యానాదులు ఊళ్ళు వదిలిపోయారు. 1971లో మొదటి చిన్న రాకెట్టు లేచినప్పటి నుంచి ఎగిరే ప్రతిదానినీ ఈ తీరం తలెత్తి చూస్తూనే ఉంది. పైనుంచి అవి చూసినదానిని తిరిగి చూసుకునే హక్కు మాత్రం ఈ తీరానికి చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికా తన లాండ్‌శాట్ భాండాగారాన్ని 2008లో తెరిచింది. ఐరోపా వారి సెంటినెల్‌-2 బొమ్మలు 2015 నుంచి వస్తున్నాయి. ఐదు మీటర్లూ అంతకంటె స్థూలమైన చిత్రాలను ఉచితంగా, బాహాటంగా ఇస్తామని మన అంతరిక్ష విధానం 2023లో ప్రకటించింది. ఆలస్యమైనా మంచి మాట, మనసారా ఆహ్వానిస్తున్నాను.

అయితే బొమ్మ తెరిచి, పరికరం తెరిచి, మధ్యనున్న వంటకాన్ని మాత్రం దాచితే ప్రయోజనమేమిటి? ఎకరం గుంట లాండ్‌శాట్ బొమ్మలో నాలుగున్నర గడులు, సెంటినెల్ బొమ్మలో నలభై గడులు. ఏ బొమ్మతో లెక్కించారో చెప్పని పటాన్ని నేనెందుకు నమ్మాలి?

దీనికి వచ్చే ఆక్షేపణలు తెలుసు. దేశభద్రత అంటారు. 1960లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన చిత్రాలనే 1995లో ఆ దేశం బయటపెట్టింది. పైగా నేనడుగుతున్నది రహస్య చిత్రం కాదు, సభలో గోడకు తగిలించిన పటం వెనుక ఉన్న లెక్క. సామాన్యులు తప్పుగా అర్థం చేసుకుంటారంటారు. గుంట గట్టు మీద పుట్టి పెరిగినవాడికి ఎండగట్టిన గుంటకూ బీడుకూ తేడా తెలియదా? ఆ తేడా తెలియనిది సూత్రానికే. ఇక పరికరం ఓపెన్‌సోర్సు అయినంత మాత్రాన ఫలితం నిజమవుతుందా అంటారు. కాదు, ఒప్పుకుంటున్నాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో కూడా తప్పుడు హద్దు పెట్టవచ్చు. కాని ఆ తప్పు ఏ పంక్తిలో ఉన్నదో వేలుపెట్టి చూపించవచ్చు. మూసిన పెట్టెతో ఆ అవకాశం లేదు.

మన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అభిమానులతోనూ ఒక పేచీ ఉంది. ఆంగ్లంలో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట ఉండడంతో వాళ్ళు ఏళ్ళ తరబడి వివరణలు ఇచ్చుకుంటున్నారు. మనకు రెండు వేరు మాటలున్నా, ఎక్కడ చూసినా ‘ఉచితం, దింపుకోండి’ అనే రాస్తున్నాం. రూపాయి ఆదా అయిందన్న సంతోషంలో, చదివి ప్రశ్నించే హక్కు దక్కిందన్న సంగతి మరుగున పడుతోంది.

నా కోరిక చాలా చిన్నది. తీరానికి సంబంధించిన ఏ పటాన్ని ప్రజల ముందు పెట్టినా, ఏ ఉపగ్రహం, ఏ తేదీ, ఏ సూత్రం, ఏ హద్దు అన్న నాలుగు వివరాలూ దాని అడుగున తెలుగులో అచ్చువేయాలి. లెక్క చేసిన ప్రోగ్రామును అడిగినవారికి ఇవ్వాలి.

ఆ వివరాలు వచ్చిన రోజున చదవగలవాళ్ళు కూడా ఉండాలి కదా! ఆ పని మనది. ఛందస్సు మీదా వ్యాకరణం మీదా ఓపికగా పాఠాలు రాసిన బ్లాగర్లకు ఈ నాలుగు మాటలను వివరించడం కష్టం కాదు. పిక్సెలుకు గడి అనీ, త్రెషోల్డుకు హద్దు అనీ పైన వాడాను. ఇంతకంటె మంచి మాటలు తోస్తే చెప్పండి, మార్చుకుంటాను. ఈసారి సభకు వెళ్ళేటప్పుడు నేను సొంతంగా వేసిన బొమ్మలు రెండు, వేసవిలోది ఒకటి, నాట్లనాటిది ఒకటి, హద్దులు రాసి మరీ పట్టుకుపోతున్నాను. ముందుగా ఆ పెద్దాయనకే చూపిస్తాను. నా పటంలో తప్పులుంటే ఆయనే చెప్పాలి.