చేతులు మారిన చిత్రం

పాత కరెన్సీ నోట్లను సేకరించేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న “మడత పడిందా?” అన్నది. మడత లేని నోటుకే మన్నన, దానికే ధర. నలిగినదానిని పక్కన పెట్టడం ఆనవాయితీ. ప్రసిద్ధ కళాఖండాలను ముద్రించిన నోట్ల విషయంలో ఈ ఆనవాయితీ సమంజసం కాదు.

ఫ్రాన్సు దేశంలో 1979లో చలామణిలోకి వచ్చిన నూరు ఫ్రాంకుల నోటు ఇందుకు నిదర్శనం. దానిపై చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా ముఖం, పక్కనే త్రివర్ణ పతాకం ఎత్తిపట్టి జనాన్ని నడిపిస్తున్న స్త్రీమూర్తి కనిపిస్తాయి. ఆమె స్వేచ్ఛకు ప్రతిరూపం. 1830 జూలైలో పారిస్ ప్రజలు పదవ చార్లెస్ రాజుపై తిరగబడ్డారు. ఆ ఘట్టాన్నే డెలాక్రువా చిత్రించాడు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆ చిత్రాన్ని 3,000 ఫ్రాంకులకు కొన్నది. కొన్నదన్న మాటే గాని, అది మళ్ళీ తిరుగుబాటును రేపుతుందేమోనన్న శంకతో కొంతకాలానికే జనం కంటబడకుండా తొలగించింది. చిత్రం లూవ్ర్ మ్యూజియం చేరేసరికి 1874వ సంవత్సరం వచ్చింది. ఏలినవారు దాచిన బొమ్మను దాదాపు నూటయాభై ఏళ్ళకు ఆ దేశపు కేంద్ర బ్యాంకే ప్రతి జేబులోనూ పెట్టింది! రొట్టెల దుకాణంలో, రైలు టిక్కెట్ల కిటికీ వద్ద అది చేతులు మారింది. 2002లో యూరో రాకతో ఫ్రాంకు నోట్ల చలామణి ముగిసింది. 2012 ఫిబ్రవరి 17 తరువాత వాటిని మార్చుకొనే వీలు కూడా లేకపోయింది. ఇక మిగిలినది ఆ మడతలలోని చరిత్రే.

ఆ మడతలను పోగొట్టడానికి నోటును కడిగి, ఇస్త్రీ చేసి, కొత్తదని చూపేవారున్నారు. నీటికి కాగితపు బిరుసు పోతుంది, రంగు వెలుస్తుంది. వేడికి, ఒత్తిడికి ఉబ్బెత్తు గీతలు అణగిపోతాయి. చివరకు ఆశించిన ధరా దక్కదు.

భారతదేశంలో 1954లో వెలువడిన వెయ్యి రూపాయల నోటుపై తంజావూరు బృహదీశ్వరాలయం ఉంది. 1978 జనవరిలో ప్రభుత్వం ఆ నోటును రద్దు చేసింది. సేకర్తలకు అది అపురూపమే. కాని ఆ రోజులలో వెయ్యి రూపాయల నోటును కళ్ళజూసిన కూలీలు ఎందరు? ఆలయం అందరిదీ, నోటు కొందరిది.

2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనుక హంపీ రాతిరథం ఉంది. కిరాణా కొట్టులో చిల్లరగా చేతికి వచ్చే ఆ నోటును సేకర్తలు కన్నెత్తి చూడరు. దాని మడతలనూ, పసుపు మరకనూ అట్లే ఉంచి భద్రపరచుకొన్న విద్యార్థి సేకరణలో తంజావూరు నోటు లేకున్నా లోటు లేదు.