తీన్‌మార్ మీద ఎవరి పేరు?

లాల్‌దర్వాజాలో బోనాల ఆదివారం. సింహవాహిని మహంకాళి గుడికి పోయే సందు మొదట్లో నలుగురు మనుషులు కాగితాలు మండేసి డప్పులు కాపుతుంటారు. తోలు బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసి, చిర్ర, సిటికెన పుల్ల అందుకుంటారు. దరువు లేవగానే పోతరాజు ఊగుతాడు, సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఆ వీడియోల కింద రాసేది ఒకటే మాట: "మన కల్చర్". మన అంటే ఎవరి?

నిరుడు ఇదే అడిగితే యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు గట్టిగా వాదించాడు. "అన్నా, పాట ఎవరి సొత్తూ కాదు. బ్లూస్ పోయి జాజ్ కాలేదా?"

అయింది తమ్మీ. ఎట్లయిందో చూద్దాం.

డబ్ల్యూ.సి. హ్యాండీ నల్లజాతి బ్యాండు మాస్టర్. 1912లో 'మెంఫిస్ బ్లూస్' హక్కులు కొద్ది డాలర్లకే అమ్ముకున్నాడు. పాట ఊరూరా మోగింది, లాభం కొన్నవాడికి పోయింది. ఆ దెబ్బతో 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్'ను ఎవరికీ అమ్మలేదు. హ్యారీ పేస్‌తో కలిసి పెట్టుకున్న సొంత కంపెనీలోనే అచ్చేశాడు. అందులో టాంగో నడక కూడా కలిపాడు, కాబట్టి దరువు కల్తీ కావద్దనే స్వచ్ఛత బ్యాచ్‌తో నాకు పనిలేదు. 1925లో బెస్సీ స్మిత్ పాడింది. పక్కన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్, ఇంకోపక్క మన భజన మండళ్లలో ఉండేలాంటి హార్మోనియం! 1930లలో ఫ్రాన్స్‌లో జాంగో రైన్‌హార్ట్ దాన్ని గిటార్ మీదికి ఎక్కించాడు. జాంగో రోమా మనిషి. యూరప్ 'జిప్సీ' అని ఈసడించిన ఆ జాతి భాషకు మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. 1928లో బండి తగలబడి ఎడమచేతి రెండు వేళ్లు చచ్చుబడితే, మిగిలిన వేళ్లతోనే వాయించాడాయన.

ఒక వెలివాడ నుంచి ఇంకో వెలివాడకు పోయిన పాట అది. దీన్ని నేను దొంగతనం అనను. ఎంత దూరం పోయినా హ్యాండీ పేరు దాని వెంట పోయింది, 1958లో ఆయన చనిపోయేదాకా పైసలొచ్చాయి.

అట్లని హ్యాండీనీ వదలొద్దు. సెయింట్ లూయిస్ వీధిలో మొగుడి కోసం కుమిలిపోతున్న ఒక ఆడమనిషి మాట నుంచి ఆ పాట పుట్టిందని ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. బెస్సీకి పాటకింత అని రొక్కమే తప్ప రాయల్టీ లేదు. 1937లో పోతే, 1970 దాకా సమాధి మీద రాయి కూడా లేదు.

ఇక మన తీన్‌మార్. నిజాం కొలువులో పనిచేసిన హబ్షీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిన మర్ఫా, మాదిగ వాడల డప్పు ఈ నగరంలో ఒకదాన్నొకటి విన్నాయి. (ఏసీ గార్డ్స్ అంటే చల్లగాలి మిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్.) ఆఫ్రికా దరువు ఒక పాయ మిసిసిపీకి పోతే, ఇంకో పాయ మూసీకి వచ్చింది. ఇవాళ తీన్‌మార్ లేని బరాత్ లేదు, నిమజ్జనం లేదు. 2011లో అది సినిమా పేరైంది. 2014లో బోనాలు రాష్ట్ర పండుగైంది. హబ్షీ పేరెక్కడ? మాదిగ పేరెక్కడ? అడిగితే 'జానపదం' అంటారు. జానపదం అంటే పాటల బంచరాయి అన్నమాట, ముందు కంచె వేసినోడిదే భూమి.

1994లో ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు డప్పు చాటింపు పేరే ఉద్యమం పేరైంది. అవమానంగా మోయించినదాన్ని మనోళ్లు ఆత్మగౌరవంగా భుజానేసుకున్నారు. కానీ రేటు, పేరు సంగతి అక్కడే ఆగింది. కాలేజీ ఫెస్టులకు డప్పు బృందాన్ని పిలిచే మిత్రులారా, పోస్టర్ మీద మనుషుల పేర్లు వేయండి. రికార్డు చేస్తే వాటా ఎంతో ముందే కాగితం రాసుకోండి. "తాగడానికి ఇంత ఇస్తాం" అనే బేరం బంద్ పెట్టండి.

ఈ తప్పు నేనూ చేశాను. పోయినేడు మేం పెట్టిన సభ పోస్టర్‌లో 11 మంది వక్తల పేర్లున్నాయి, డప్పు కొట్టినోళ్లవి లేవు. వాళ్లలో పెద్దాయన దాన్ని కిందిదాకా చదివించుకుని, "మేం లేమా బిడ్డా?" అన్నాడు. ఈసారి ప్రెస్‌కు పంపే ముందు ఆయనకే ఫోన్ చేసి నలుగురి పేర్లూ రాసుకున్నాను.